ఎండ ఉచితము, యంత్రము ఉచితము కాదు

మొన్న వేసవిలో న్యాయస్థానములకు సెలవులిచ్చుటకు రెండు దినములు ముందుగా ఒక మెట్టరైతు తన కుమారుని వెంటబెట్టుకొని నా కచ్చేరికి వచ్చెను. ఆయన చేతిలో రెండు కాగితములుండెను. మొదటిది కౌలుపత్రపు చిత్తుప్రతి. తన పొలము 11 ఎకరములను సౌరవిద్యుత్తు తీయు ఒక కంపెనీకి 25 ఏండ్లకు పైబడిన గడువుతో కౌలునకిచ్చునట్లు దానియందు వ్రాయబడియుండెను. రెండవది ఆ కంపెనీవారే కుమారుని పేర పంపిన ఉద్యోగపు ఉత్తరము. బాలుడు మెకానికల్ ఇంజనీరింగునందు పట్టము పుచ్చుకొని రెండేండ్లు గడచినవి. కౌలుపత్రమును గూర్చి తండ్రికి దిగులు లేదు. దిగులంతయు రెండవ కాగితమును గూర్చియే. "సారూ, నాలుగేండ్లు ఇంజనీరు సదివించినాను. వీడేమో మా సేన్లోనే అద్దాలు తుడిసేదానికి పోతానంటాడు. మీరన్నా సెప్పండి" అని మొరపెట్టుకొనెను. బాలుడు తల వంచుకొని కూర్చుండెను.

నేను చెప్పితిని. న్యాయవాది నోట సలహాకు కరవు లేదు గదా! హైదరాబాదు పోయి ఆరు మాసములు కంప్యూటరు విద్య యేదైన నేర్చుకొమ్మంటిని. ఎండనుండి కరెంటు తీయుట విద్యుచ్ఛాస్త్రము చదివినవారి పనియేగాని, చక్రములును ఇరుసులును చదివిన నీకు అక్కడ ఏమి పనియున్నదని కూడ అంటిని. బాలుడు "ఆలోచిస్తానండీ" అని లేచిపోయెను. ఆ యుత్తరమునకు అతడేమి బదులు వ్రాసెనో నాకు తెలియదు. కాని నా సలహా మాత్రము తప్పని నేనిప్పుడు తలంచుచున్నాను. ఏల తప్పో నలుగురియెదుట చెప్పుట న్యాయమని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సెలవులలో మా పట్టణపు పఠనమందిరమున నాకొక పుస్తకము దొరకెను. అది స్వీడనుదేశస్థుడైన జాన్ ఎరిక్సన్ అను యంత్రనిర్మాత చరిత్రము. మనలో ఆయన పేరెరిగినవారు అరుదు. ఎరిగినవారును యుద్ధనౌకలు కట్టినవానిగనే యెరుగుదురు. నేను కూడ ఆ నౌకల కథకొరకే పుస్తకము తెరచితిని. సగము దాటినపిదప కథ మరియొక దారి పట్టినది. ఉక్కును, ఆవిరిని, ఫిరంగిని నమ్మి బ్రదికిన మనుజుడు 65 ఏండ్ల వయస్సున తన యింటిమేడపై అద్దములు పరచుకొని సూర్యునివంక చూచుట మొదలిడెను. అది వార్ధక్యపు చాపల్యమేమో యని మొదట అనుకొంటిని. కాదు. ఆయన వృత్తి ఆరంభమునుండియు అటే నడచినది.

ఎరిక్సన్ 1803వ సంవత్సరము జూలై 31వ తేదీన వెర్మ్‌లాండ్ అను ఇనుపగనుల సీమలో జన్మించెను. తండ్రి గనుల వ్యాపారమున నష్టపడి, గోటా కాలువ త్రవ్వకమునందు రాతిని ప్రేల్చు పనికి అధికారిగ చేరెను. ఆ కాలువయే బాలునకు బడి. 14 ఏండ్లు నిండునప్పటికే కొలతల పని స్వతంత్రముగ చేయుచుండెనట. పరికరమునకు కన్నందక ఒక సహాయుడు పీట మోసికొని వెంటనడచెడివాడని చెప్పుదురు. నేటి మన కళాశాలలలో నాలుగేండ్లు చదివి, ఒక్కదినమైన లేతుయంత్రముముందు చేతులు నల్లచేసికొనక పట్టము పుచ్చుకొనువారెందరో యున్నారు. దోషము పిల్లలది కాదు. పనిశాల తలుపునకు తాళమువేసి, తనిఖీ దినమున మాత్రమే తెరచువారిది.

యౌవనమున సైన్యములో నుండగా ఎరిక్సన్ ఒక యంత్రమును కల్పించెను. నీటిని ఆవిరిచేసి పిస్టనును త్రోయుటకు బదులు, మంటచే వేడెక్కిన గాలితోనే త్రోయించుట దాని తంత్రము. దానిని చంకబెట్టుకొని 1826లో ఇంగ్లండునకు పోయెను. స్వీడనులో కట్టెల మంటతో చక్కగ నడచిన ఆ యంత్రము ఇంగ్లండు బొగ్గుమంటతో నడవలేదు. ఈ చిన్న సంగతి మనము మరువరాదు. ఇంధనము మారినయెడల యంత్రమంతయు మారవలసినదే. ఒకదేశపు యంత్రము మరియొక దేశమునకు దిగుమతియైనంతమాత్రమున పని చేయదు. ఆ పాఠమును ఎరిక్సన్ 23 ఏండ్ల ప్రాయముననే, చేతిసొమ్ము పోగొట్టుకొని నేర్చుకొనెను.

1829లో రెయిన్‌హిల్లు అనుచోట రైలింజనుల పోటీ జరిగెను. ఎరిక్సన్ తన భాగస్వామి బ్రెయిత్‌వెయిటుతో కలసి కొద్ది వారములలో కట్టిన "నావెల్టీ" అను ఇంజను వేగమునందు అందరిని మించెను. కాని దాని బాయిలరు గొట్టములు మాటిమాటికి చెడి ఆగిపోయెను. బహుమానము స్టీఫెన్‌సన్‌ల "రాకెట్టు"నకు దక్కెను. పిదప ఓడవెనుక నీటిలో తిరుగు మరచక్రమును కల్పించి, 1837లో థేమ్సునదిపై బ్రిటిషు నౌకాశాఖ ప్రభువులనే పడవలో కూర్చుండబెట్టి లాగి చూపెను. వెనుకనుండి త్రోసిన ఓడ చుక్కానికి లోబడదని వారు పెదవి విరచిరి. నేడు సముద్రముపై నడచు ఓడలన్నిటికిని ఇంచుమించుగ ఆ చక్రమే గతి!

1839లో ఆయన అమెరికాకు తరలెను. అచ్చట 1843లో నీటిలోనికి దిగిన "ప్రిన్స్‌టన్" అను యుద్ధనౌకకు ఆయనయే యంత్రనిర్మాత. మరుసటి యేడు ఆ నౌకపై ఒక ఫిరంగి ప్రేలి ఇద్దరు మంత్రులు మరణించిరి. ఆ ఫిరంగి ఎరిక్సన్ చేసినది కాదు; నౌకాధిపతి తానే చేయించినది. ఐనను నింద ఈయనపై పడెను. చేసిన పనికి సర్కారునుండి సొమ్ము రాలేదు. సర్కారునుండి బిల్లు రాబట్టలేక నాయొద్దకు వచ్చు కంట్రాక్టర్లు నూరేండ్లకు ఎంతో పూర్వము అమెరికాలో కూడ తమవంటివారుండిరని విని కొంత ఊరడిల్లవచ్చును. 1862లో ఆయన నూరుదినములంతలో కట్టి యిచ్చిన "మానిటర్" అను ఇనుపనౌక అమెరికా అంతర్యుద్ధమున పేరు సంపాదించిన కథను ఇచ్చట విస్తరింపను. పుస్తకములందంతయు అదియే కలదు.

నాకు కావలసినది వేడిగాలి యంత్రపు కథ. ఎరిక్సన్ దానిని జీవితమంతయు విడువలేదు. అందులోని కీలకమిది: వేడిగాలి పిస్టనును త్రోసి వెలుపలికి పోవునపుడు సన్నని తీగల వలలగుండ పోవును. పోవుచు తన వేడిమిని ఆ వలలకిచ్చును. మరల లోనికివచ్చు చల్లనిగాలి అదే వలలగుండ వచ్చుచు ఆ వేడిమిని తిరిగి తీసికొనును. మన ఇండ్లలో ఇల్లాలు అన్నపుపొయ్యిమీది నిప్పునే పాలకుండక్రిందికి జరపినట్లే. ఒకమారు పుట్టిన వేడిమిని వృథాపోనీయరాదు. ఇదియే ఆయన పట్టు. 1853లో 14 అడుగుల అడ్డుకొలత గల సిలిండర్లతో ఒక మహానౌకనే వేడిగాలిపై నడిపింప జూచెను. అది నడచెను గాని నత్తనడక నడచెను. తుదకు దానికి ఆవిరియంత్రము అమర్చవలసివచ్చెను. పెద్దది పోయినను చిన్నవి నిలచెను. అచ్చుకూటములకు, నీరు తోడుటకు చిన్న వేడిగాలి యంత్రములు వేలకొలదిగ అమ్ముడుపోయెను.

వేడిమిని వృథాచేయరాదని 40 ఏండ్లు శ్రమించినవాడు ఒకనాడు మరియొక ప్రశ్న వేసికొనుట సహజమే గదా: వేడిమికొరకు దేనినైన కాల్చవలెనా? 1868లో స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయము ఆయనను గౌరవించినపుడు ఆయన పంపిన పత్రము సూర్యతాపమును గూర్చినదే. బొగ్గుగనులు ఏనాటికైన తరుగుననియు, అప్పుడు ఎండ కాయు దేశములే కర్మాగారములకు నెలవులగుననియు ఆయన వాదించెను. వాదించి ఊరకుండలేదు. యంత్రము కట్టకమునుపు ఎండను కొలుచుటకు పరికరములు కల్పించి యేండ్లతరబడి కొలిచెను. కొలువక కట్టువాడు ఇంజనీరు కాడు. నేడు మనకు తెలిసిన లెక్క ఇది: నిర్మలాకాశమున నడిమధ్యాహ్నము ఒక చదరపు మీటరు చోట పడు యెండ రమారమి 1000 వాట్లు. ఒక గుఱ్ఱపుబలము 746 వాట్లే. అనగా మన మంచమంత నేలపై రెండు గుఱ్ఱములు ప్రతిదినము ఊరక నిలచియున్నవి. కాడి కట్టుటయే కష్టము.

1883లో ఎరిక్సన్ న్యూయార్కునందు కట్టిన సూర్యయంత్రము ఇట్టిది. పశువులకు నీరుపోయు తొట్టివలె వంపుదేరిన దీర్ఘమైన చట్రము. 11 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. దానిలోపల కిటికీలకు వాడు మామూలు గాజుపలకలు, వెనుక వెండిపూతతో. వంపు ఎట్లు తీర్చెననగా దానిపై పడిన కిరణములన్నియు నడుమనున్న ఒక గొట్టముపై కూడును. గొట్టములోని నీరు ఆవిరియై పిస్టనును త్రోయును. చట్రము సూర్యుని వెంబడి తిరుగును. ఇందు అద్భుతవస్తువు ఒక్కటియు లేదు. ఇనుపబద్దలు, గాజు, గొట్టము, ఇరుసు. ఉన్నదంతయు వంపు తీర్చుటలోను, బరువు మోయుటలోను, తిరుగుటలోను గల పనితనమే. దీనిని చదివినపుడు నేను ఆ బాలునితో అన్న మాట నాకే సిగ్గు తెచ్చినది. చక్రములును ఇరుసులును చదివినవానికి ఎండవద్ద ఏమి పనియని గదా నేనంటిని!

ఎరిక్సన్ గొప్పతనము యంత్రము నడపుటలో కంటె తన లెక్కను దాచకుండుటలో నాకు కనబడినది. సూర్యతాపము ఊరకనే లభించును గాని, దానిని కూడబెట్టు సాధనము మిక్కిలి పెద్దది, వెలగలది, చిక్కులుగలది. అందుచే సూర్యుని ఆవిరి బొగ్గు ఆవిరికంటె పెక్కురెట్లు ప్రియమని ఆయనయే ఒప్పుకొనెను. తన సొంత సొమ్మును వేలకొలది డాలర్లు వెచ్చించిన పిదప ఒప్పుకొనెను. నేటి ప్రకటనలలో అట్టి సత్యవాక్యమును నేను చూడలేదు. విధి యొక పరిహాసము కూడ ఆడినది. ఎండకొరకు ఆయన తీర్చిన చిన్న వేడిగాలి యంత్రము గ్యాసుమంటపైనను బొగ్గుమంటపైనను చక్కగ నడచుటచే, ఇండ్లకు నీరు తోడుటకై దానిని కార్ఖానావారు విరివిగా అమ్మిరి. సూర్యునికై పుట్టిన యంత్రము బొగ్గుకే కొలువు చేసినది. ఎరిక్సన్ మాత్రము 1889 మార్చి 8న కన్ను మూయువరకు తన సూర్యయంత్రమును సవరించుచునే యుండెను.

మన దేశమున ఆ కాలముననే ఇట్టి ప్రయత్నము జరిగినదని విన్నచో కొందరు నమ్మకపోవచ్చును. చేసినవాడు న్యాయస్థానపు ఉద్యోగియని విన్నచో నావలె కొంత గర్వింపవచ్చును. విలియం ఆడమ్సు అను ఆంగ్లేయుడు బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారు. బొంబాయిలో వంటచెరకు ప్రియము. బొగ్గు సముద్రముమీద రావలెను. ఎండ మాత్రము కావలసినంత. ఆయన వంపుటద్దముల జోలికి పోక చిన్న చిన్న చదునుటద్దములను అర్ధవృత్తాకారపు చట్రమునందు వరుసగ నిలిపి, అన్నిటి వెలుగును ఒక బాయిలరుపై పడునట్లు చేసెను. దానితో రెండున్నర గుఱ్ఱపుబలముగల పంపు నడచెను. 1878లో ఆ సంగతులన్నియు ఒక పుస్తకముగ బొంబాయిలోనే అచ్చువేసెను. ఉష్ణదేశములలో కట్టెకు బదులు ఎండ యనునదే దాని పేరునకు భావము. పుస్తకము మిగిలెను; యంత్రమును చేపట్టి పెంచినవారు లేరు. పాలకులకు తమదేశపు బొగ్గు అమ్ముకొనుట కావలెనుగాని ఇచ్చటి ఎండతో ఏమి పని? మనవారికో, అప్పటికి పోతకొలుములును లేతులును చేతనుండిననే గదా పుస్తకమును యంత్రముగ మార్చుట!

1913లో ఫ్రాంక్ షూమన్ అను అమెరికను ఎరిక్సన్ తొట్టినే 200 అడుగులకు మించి సాగదీసి, అట్టివి అయిదు ఈజిప్టుదేశమున కైరోకు దాపున మాడి యను ఊర నిలిపి నైలునది నీటిని పొలములకు తోడించెను. మరుసటి యేడే ప్రపంచయుద్ధము వచ్చెను. ఇంజనీర్లు చెదరిపోయిరి, షూమన్ 1918లో మరణించెను. పిదప చమురు చవుకయయ్యెను. ఎండను తలచినవారు లేరు.

ఈ కథతో మనకేమి సంబంధమని అడుగువారికి అనంతపురము జిల్లా నాగలాపురమును చూపెదను. అచ్చట 2014లో 50 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసెను. అది ఎరిక్సన్ తొట్టియే! వంపుటద్దముల నడుమ గొట్టములో నూనె కాగును. ఆ నూనె నీటిని ఆవిరిచేయును. ఆవిరి టర్బైనును త్రిప్పును. న్యూయార్కులో 1883న మొదలైన త్రోవ రాయలసీమ ఎఱ్ఱనేలకు వచ్చి చేరుటకు 131 ఏండ్లు పట్టినది. ఐనను ఆ జాతి కేంద్రములు మనదేశమున విస్తరింపలేదు. తలపెట్టినవానిలో కొన్నియే పూర్తియైనవి. కారణము ఎరిక్సన్ చెప్పినదే: సాధనపు వెల.

ఈలోపల మరియొక సాధనము వెల దిగివచ్చినది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో చేసిన ఘటము ఎండను నేరుగ కరెంటుగ మార్చెను. దానినుండి వచ్చినవే నేడు మన ఇండ్లకప్పులపై కానవచ్చు నల్లని ఫలకములు. 2010 తరువాత పదేండ్లలో వాని వెల రమారమి పదవ వంతునకు పడిపోయెను. 2015లో కర్నూలు జిల్లా గని గ్రామపు సౌరక్షేత్రమునకు జరిగిన వేలములో యూనిటు 4 రూపాయల 63 పైసలకు వచ్చినదని దేశమంతయు ఆశ్చర్యపడినది. 2020 డిసెంబరులో గుజరాతునందలి వేలములో అది 1 రూపాయి 99 పైసలకు దిగినది. గని, శకునాల గ్రామముల నేలపై 1000 మెగావాట్ల క్షేత్రము 2017లో పూర్తియైనది. ఎరిక్సన్ ఆశపడి చూడలేకపోయిన దినము ఇదియే: బొగ్గుకంటె ఎండ చవుక.

ఇచ్చట నా సలహాకు అనుకూలముగ ఒక గట్టివాదము కలదు. దానిని దాచుట నా వృత్తికి తగదు. నల్లఫలకమునందు తిరుగునదేమియు లేదు. పిస్టను లేదు, ఇరుసు లేదు, బాయిలరు లేదు. ఎరిక్సన్ విద్య యంతయు ఆ ఫలకముతో ముగిసినదనవచ్చును గదా? నేను కూడ అట్లే తలంచితిని. కాని ఈ మాసములో ఒకటికి రెండు క్షేత్రములు పోయి చూచి వచ్చితిని; అచ్చటివారిని అడిగితిని. చూచినపిదప ఆ వాదము నిలువలేదు.

ఫలకము కదలదు గాని దానిని మోయు చట్రము అనేకచోట్ల కదలును. ఉదయమున తూర్పునకు, సాయంకాలమున పడమరకు ముఖము త్రిప్పుచు సూర్యుని వెంబడించును. గాలివాన వచ్చునపుడు ఫలకము తెరచాపయగును; చట్రమునే పెకలించును. కనుక గాలి హెచ్చినతోడనే ఫలకములన్నియు చదునుగ పరుండవలెను. దుమ్ము పేరుకొన్నకొలది కరెంటు తగ్గును, కడుగవలెనన్న నీరు కావలెను, మెట్టసీమలో నీరెక్కడిది? నీరు లేకయే కుంచెలతో తుడుచుకొనిపోవు యంత్రములు అందుకే వచ్చినవి. తండ్రి "అద్దాలు తుడిచే పని" యని చులకనజేసినది కూడ యంత్రనిర్మాతకు తగిన ప్రశ్నయే. ఎఱ్ఱదుమ్మునకు ఏ కుంచె, ఫలకము గీరుకొనకుండ ఎంత ఒత్తిడి, ఏ మోటారు? ఈ ప్రశ్నకు జవాబు మన నేలమీదనే వెదకవలెను. స్వీడను కట్టెల యంత్రము ఇంగ్లండు బొగ్గుపై నడవని సంగతి జ్ఞప్తియందుంచుకొనుడు.

గాలిమరల మాట చెప్పనక్కరయే లేదు. ఉమ్మడి అనంతపురము జిల్లాలోని రామగిరి కొండలపై 1990లలోనే అవి తిరుగుట ప్రారంభించెను. నేటి పెద్ద గాలిమర రెక్కలు నిమిషమునకు పదిపదునైదు చుట్లు మాత్రమే తిరుగును. పెక్కింటిలో కరెంటు తీయు జనరేటరు వేయికి పైబడిన చుట్లు తిరుగవలెను. నడుమనున్న పండ్లచక్రముల పెట్టె ఆ నడకను వందరెట్లు హెచ్చించును. ఆ పెట్టెయే విరుగును, ఆ బేరింగులే అరుగును. నూరు మీటర్ల యెత్తున అది చెడినపుడు క్రేనుకొరకును నిపుణునికొరకును దూరదేశములవంక చూడవలసివచ్చును. ఇది విద్యుచ్ఛాస్త్రము కాదు. లోహము అలయుట, నూనె చెడుట, పన్ను అరుగుట. మెకానికల్ విద్యార్థి మూడవయేట చదువునదే.

ఇక రాత్రి మాట. సూర్యుడస్తమించినపిదపనే ఇండ్లలో దీపములు వెలుగును. పగటి ఎండను రాత్రికి దాచుటకు బ్యాటరీలు గలవు. వానికంటె పాతదియు మిక్కిలి పెద్దదియునైన ఉపాయము నీటిని ఎక్కించుట. నాగార్జునసాగరమున ఏడు యంత్రములు, శ్రీశైలము ఎడమగట్టు భూగర్భకేంద్రమున 150 మెగావాట్లవి ఆరు యంత్రములు ఇరువైపుల తిరుగునవి. ఒకవైపు తిరిగిన నీరు దిగి కరెంటు పుట్టును. మరియొకవైపు తిరిగిన అదే చక్రము పంపుగమారి నీటిని తిరిగి జలాశయమునకు ఎక్కించును. ఎక్కించుటకు వెచ్చించిన దానిలో రమారమి మూడువంతులు తిరిగి చేతికి వచ్చును. ఇవి కట్టినపుడు సౌరవిద్యుత్తు ఊసే లేదు. నేడు ఎండకు రాత్రి యిల్లు ఇట్టివే. అట్టి చక్రమును తీర్చువాడు, పోతపోయువాడు, మరమ్మతు చేయువాడు ఎవడు? మెకానికల్ ఇంజనీరు కాడా?

పని యున్నది. మనుష్యులెక్కడ? రెండు తెలుగు రాష్ట్రములందును మెకానికల్ తరగతులలో చోట్లు ఖాళీగ పడియున్నవి. ఎక్కడ చూచినను కంప్యూటరు శాఖలే. తల్లిదండ్రులను నేను నిందింపను. నేను కూడ అట్లే సలహా చెప్పినవాడనే. జీతమున్నచోటికి పిల్లవాడు పోవును. కాని మన నేలలో నాటిన ఫలకములలోని సిలికాను పలకలు అధికభాగము చైనానుండి వచ్చుచున్నవి. మరమ్మతు తెలిసినవాడును వెలుపలినుండియే వచ్చినయెడల, మనకు మిగులునవి రెండే: కౌలుసొమ్ము, కావలిపని. ఆడమ్సు కాలమున ఎండ మనది, పుస్తకము పరునిది. నేడు ఎండ మనది, నేల మనది, యంత్రము పరునిది. ఇట్లన్నంతమాత్రమున పరదేశపు ఫలకమును తగులబెట్టుమని నేను చెప్పుటలేదు. చవుకగ వచ్చినదానిని కొనుట బుద్ధిమంతుల లక్షణమే. కొన్నదానిని విప్పి చూచు పనివాడు ఊరనుండవలెనని మాత్రమే నా పట్టు.

ఆ రైతు తెచ్చిన కౌలుపత్రమును నేను మరల చదివితిని. 19 పుటలు. దారి హక్కు, తీగలు లాగుకొను హక్కు, కంపెనీ చేతులు మారిన హక్కులు బదిలీయగు విధము, పన్ను ఎవరు కట్టవలెను, బోరు త్రవ్వరాదు, నీడపడు చెట్టు పెంచరాదు. అన్నియు ఉన్నవి. గడువు తీరినపిదప చట్రముల పునాదులు ఎవరు పెకలింపవలెనో ఒక్క వాక్యము లేదు. ఆ ఊరి పిల్లలకు యంత్రపు పని నేర్పుదుమని కూడ ఒక్క వాక్యము లేదు. వ్రాసినవాడు నా వృత్తిలోనివాడే. తన కక్షిదారుని మేలు చక్కగ చూచుకొనెను. రైతు పక్షమున వ్రాయువాడు లేకపోయెను. ఆ దినమున అది నాకు పట్టలేదు. నేను కుమారునికి హైదరాబాదు త్రోవ చూపుచుంటిని.

ఎరిక్సన్‌నకు కాలువపని బడియైనట్లు ఈ క్షేత్రములు మన పిల్లలకు బడులు కావచ్చును. అందుకు క్రొత్త విశ్వవిద్యాలయ మక్కరలేదు. చెడిన త్రిప్పుచట్రము నొకదానిని, అరిగిన పండ్లచక్రపుపెట్టె నొకదానిని దగ్గరి పాలిటెక్నికునకు ఇచ్చి విప్పనీయవలెను. మెకానికల్ మూడవయేటి విద్యార్థులు ఆరు మాసములు క్షేత్రముననే యుండి, పరీక్షకు బదులు ఒక లోపమును కనిపెట్టి సరిచేసి చూపవలెను. కంపెనీలు దీనికి ఒప్పుకొనవని కొందరందురు. కౌలుపత్రములో వ్రాసికొన్నచో ఒప్పుకొనును. సంతకము చేయకమునుపు రైతు బలవంతుడు, చేసినపిదప కాదు.

ఆ బాలుడు ఈ పత్రికను చదివెనేని, నా మొదటి సలహాను ఉపసంహరించుకొన్నట్లు ఎంచునుగాక. ఉద్యోగమునకు పోదలచినచో పోవలెను. పోయి, తుడుచు కుంచె నొక్కదానిని చేతబట్టి కొలువవలెను. అతని తండ్రికి నా మనవి వేరొకటి. చిత్తుప్రతిపై ఇంకను చేవ్రాలు చేయకున్నచో దానిని మరల తెచ్చి యిచ్చినయెడల, పునాదుల పెకలింపును, ఊరి పిల్లలకు పని నేర్పుటను గూర్చి రెండు షరతులు చేర్చి యిచ్చెదను. ఇట్టి పత్రములు చేతబట్టుకొని తిరుగుచున్న రైతులు మా తాలూకాలో మరికొందరున్నట్లు వినుచున్నాను. వారును రావచ్చును. ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి పఠనమందిరముననే యుందును. ఈ పనికి రుసుము పుచ్చుకొనను.